అంజయ్య కార్డులో నేను రాసిన కారణం

2014 జూన్‌లో నన్ను క్షయ నివారణ విభాగానికి డిప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను ఆరోగ్య శాఖలో సూపర్‌వైజర్‌ని. కొత్త రాష్ట్రం వచ్చిన నెల కావడంతో నా ఆర్డరు కాగితం మీద పాత రాష్ట్రం పేరు కొట్టేసి, పక్కన పెన్నుతో కొత్త పేరు రాశారు. హోదా అదే, జీతం అదే. ఒక మోటారు సైకిలు, మూడు రిజిస్టర్లు అదనంగా ఇచ్చారు. చేవెళ్ల, మొయినాబాద్ మండలాల ఊళ్లు, షాబాద్ వైపు కొన్ని నా కిందికి వచ్చాయి.

టీబీ పని తెలియని వారికి ముందు ఒక సంగతి చెప్పాలి. రోగం కనిపెట్టేది డాక్టరు. గోలీలు ఇచ్చేది ఊళ్లోని ఆశా కార్యకర్త. గోలీ గొంతు దిగిందో లేదో చూసి రాసేవాడు సూపర్‌వైజర్. ఆ రోజుల్లో ప్రతి రోగికి అతని పేరు రాసిన ఒక ఎర్ర డబ్బా వచ్చేది, అందులో ఆరు నెలల మందులు. మొదటి రెండు నెలలు వారానికి మూడు రోజులు ఆశా కళ్ల ముందు మింగాలి. తర్వాత కళ్లె పరీక్ష. ఆపైన నాలుగు నెలలు వారానికొక పట్టీ ఇస్తారు. మొదటి మోతాదు ఆశా ముందు వేసుకుని, మిగతావి ఇంట్లో మింగి, ఖాళీ పట్టీ తెచ్చి చూపాలి. మింగిన ప్రతి మోతాదుకూ కార్డులో ఒక గడి, గడిలో ఒక టిక్కు. మధ్యలో మానేసిన వాళ్ల కోసం చివర 'కారణం' అని ఒక గడి ఉండేది. అది వేలెడంత వెడల్పు. నేను చెప్పబోయేదంతా ఆ గడి గురించే.

టీబీతో చిక్కు జబ్బు ముదిరినప్పుడు కాదు, తగ్గినప్పుడు వస్తుంది. రెండు నెలలకు దగ్గు పోతుంది, ఆకలి వేస్తుంది, మనిషి ఒళ్లు చేస్తాడు. అక్కడినుంచి మిగతా నాలుగు నెలలు అతను మింగాల్సింది కంటికి కనపడని క్రిమి కోసం. ఆ కనపడని దాన్ని నమ్మించడమే మా ఉద్యోగం. దానికోసం శిక్షణలో మాకు బొమ్మల పుస్తకం ఒకటి ఇచ్చారు. అందులో క్రిములు గులాబీ రంగు పుల్లల్లా ఉండేవి. జనం మర్యాదగా చూసి, మర్యాదగా తిరిగి ఇచ్చేవారు. రెండు నెలలకే ఆ పుస్తకాన్ని బండి డిక్కీలో పడేసి కథలు మొదలుపెట్టాను.

మా నాన్న భజన మండలిలో పాడేవాడు. పురాణ కథలన్నీ నాకు ఆయన పక్కన చాప మీద కూర్చుని విన్నవే. దేవుడి మీద నా నమ్మకం అంతంత మాత్రం, కథల మీద మాత్రం గట్టిది. కళ్లె పరీక్షకు రానన్న వాళ్లకు స్తంభం కథ చెప్పేవాణ్ణి: కొడుకు అందులో ఉన్నాడన్నాడు, తండ్రి లేడన్నాడు, పగలగొడితే కదా తెలిసింది, నీ రొమ్ములో ఉందో లేదో డబ్బీలో ఉమ్మితే కదా తెలిసేది. గోలీలంటే విసుక్కునే వాళ్లకు ఏనుగు, మొసలి కథ. ఏనుగు తన బలంతో ఏళ్ల తరబడి కొట్లాడింది, కాలు ఊడి రాలేదు. ఇక నా వల్ల కాదు, నువ్వే దిక్కని మొరపెట్టుకున్నాక దేవుడు పరుగెత్తుకొచ్చాడు. కాబట్టి నీ సొంత తెలివి పక్కన పెట్టి డాక్టరు చేతిలో పడు. ఈ చివరి వాక్యం కథలో లేదు, నేను అతికించింది. అప్పట్లో అతుకు కనపడేది కాదు.

కథలు పనిచేశాయి కూడా. మానేసేవాళ్లు తగ్గారు. పై అధికారి నన్ను పౌరాణికుడు అనేవాడు. వెక్కిరింపని తెలిసీ సంతోషపడేవాణ్ణి.

ఆ చలికాలంలో అంజయ్య డబ్బా వచ్చింది. మొయినాబాద్ నుంచి చిల్కూరు పోయే దారికి లోపలగా ఉన్న ఒక ఊరు అతనిది. ఊరి పేరు రాయను, ఇంటి మనుషుల పేర్లు కూడా మార్చాను. అతనికి నలభై లోపు వయసు. ఎకరం పైచిలుకు నేలలో చామంతి, పాలకూర వేసి పట్నం మార్కెట్టుకు పంపేవాడు. డబ్బా తెరిచే ముందు సూపర్‌వైజర్ రోగి ఇంటికి వెళ్లి చిరునామా సరిచూసి, ఇంటివాళ్లతో మాట్లాడి రావాలని నియమం. నేను వెళ్లేసరికి వాకిట్లో అంజయ్య, అతని భార్య బాలమణి చామంతి పూలు సంచులకెత్తుతున్నారు. ఆశా కార్యకర్త యాదమ్మ, గోడ పక్కింటి అవ్వ కూడా వచ్చి కూర్చున్నారు. జనం చేరారు కాబట్టి ఏనుగు కథ ఎత్తుకున్నాను.

కథ అయ్యాక బాలమణి ఒక ప్రశ్న వేసింది.

“సారూ, ఆ మడుగుల మొసలి ఒక్కటేనా? గా నీళ్లల్ల ఇంకేం లెవ్వా?”

“దేవుడొచ్చిండంటె ఇది మొసళ్ల లెక్క అడుగుతది సూడు,” అని అవ్వ నవ్వింది. అందరం నవ్వాం. కథల ఒక్కటే చెల్లె అని నేను చెప్పాను. క్షయ గురించి ఆ రోజు ఆ వాకిట్లో ఎవరైనా అడిగిన తెలివైన మాట అదొక్కటేనని నాకు తట్టలేదు.

అంజయ్య ఏమీ అడగలేదు. కళ్లెలో మొదటిసారి నెత్తురు పడిన రోజే తాను చిల్కూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి వచ్చానని మాత్రం చెప్పాడు. ఆ గుడి ఆచారం మా వైపు అందరికీ తెలుసు. కోరిక కోరేటప్పుడు పదకొండు తిరుగుతారు, కోరిక తీరాక వచ్చి నూట ఎనిమిది తిరుగుతారు. లెక్క తప్పకుండా గడులున్న చీటీ ఒకటి చేత పట్టుకుని చుట్టు చుట్టుకూ టిక్కు పెట్టుకుంటారు. నాకు వెంటనే మెరుపులాంటి ఆలోచన వచ్చింది. జేబులోంచి మందుల కార్డు తీసి చూపించాను. “ఇది గుడ గసొంటి చీటీయే అంజయ్యా. ఒక్కొక్క గోలీకి ఒక్కొక్క టిక్కు.” అతని మొహం విప్పారింది. కార్డును రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఇంత బాగా కౌన్సెలింగ్ చేసే వాడు జిల్లాలో ఇంకొకడు లేడని అనుకుంటూ బండెక్కాను.

రెండు నెలలు అతను ఒక్క మోతాదు తప్పలేదు. కళ్లె పరీక్ష చేస్తే క్రిమి కనపడలేదు. మా భాషలో నెగటివ్. దానికి అర్థం రోగం పోయిందని కాదు, ఆ స్లైడు మీద ఆ రోజు క్రిమి కనపడలేదని. మిగిలినవి లోపల నిద్రలో ఉంటాయి, మిగతా నాలుగు నెలలూ వాటి కోసమే. ఇది నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

ల్యాబ్ చీటీ మామూలుగా ఆశా చేతికి ఇస్తారు. ఆసారి నేనే పట్టుకెళ్లాను. ఊరి పంచాయతీ ఆఫీసు దగ్గర ఏదో సభ ఉండి ముప్పై మంది దాకా పోగయ్యారు. రోగి పేరు బయటపెట్టకూడదన్నది మా మొదటి నియమం. నేను అంజయ్యను పేరు పెట్టి పిలిచి ముందుకు రమ్మన్నాను. చీటీ పైకెత్తి చూపిస్తూ గట్టిగా చెప్పాను: “ఏనుగు మొరపెట్టుకున్నది, దేవుడొచ్చిండు. ఇగో, కండ్లార చూడుండ్రి.” సర్పంచు చప్పట్లు కొట్టాడు, జనం కొట్టారు. అంజయ్య చేతులు జోడించి నిలబడ్డాడు. ఇంకా నాలుగు నెలలు గోలీలు ఆపవద్దని కూడా చెప్పానని కార్డులో నా రాత ఉంది. చెప్పినట్టు నాకు గుర్తు లేదు.

ఆ తర్వాత అంజయ్య తోటలో ఉంటే వారానికొక పట్టీ యాదమ్మ బాలమణి చేతికి ఇస్తూనే ఉంది, ఖాళీ పట్టీలే తిరిగి రాలేదు. మూడో వారం ఆమె నాకు ఫోన్ చేసింది. రోగి మోతాదులు తప్పాడని తెలిస్తే వారం లోపల సూపర్‌వైజర్ ఇంటికి వెళ్లాలి. నేను వెళ్లలేదు. జిల్లా సమీక్షా సమావేశంలో కొత్త పద్ధతుల మీద మాట్లాడమన్నారు. రోగులకు కథలతో నమ్మకం కలిగించడం మీద ప్రసంగం తయారు చేసుకుంటున్నాను. ఇంకో ఐదు వారాలకు తీరిక దొరికింది.

అంజయ్య దాచలేదు, సంతోషంగా చూపించాడు. దేవుడి గూట్లో పటాల పక్కన మందుల పట్టీలు వరసగా పేర్చి, ఒక్కొక్కదానికి పసుపు, కుంకుమ బొట్టు పెట్టి ఉన్నాయి. ఒక్క గోలీ కూడా తీయలేదు.

“చీటీ ఒచ్చిన శనివారమే పొయ్యి నూటెనిమిది తిరిగిన సారూ,” అన్నాడు. “తిరిగినంక గోలీలు మింగితె ఆయనను నమ్మనట్టే గద? మీరే అంటిరి, ఏనుగు కాలు గుంజుడు బంద్ జేసినంకనే ఆయనొచ్చిండని.”

కథ అక్షరాలా అతను చెప్పినట్టే ఉంది. విశ్వాసం లేని రోగులతో ఎలా వేగాలో మాకు శిక్షణలో మూడు రోజులు చెప్పారు. విశ్వాసం ఉన్నవాడి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. గోలీలు కూడా దేవుడు పంపినవే కదా అన్నాను. పంపిన పని అయిపాయె గద సారూ అన్నాడు, నాకు తెలియదేమో అన్నంత మెల్లగా. డాక్టరు కోప్పడతాడన్నాను. డాక్టరు సారుకు చామంతులు పంపిస్తానన్నాడు. బాలమణి మాత్రం జర గట్టిగ చెప్పు సారూ, నా మాట ఇంటలేడు అంది. గట్టిగా చెప్పాలంటే ఒకటే మార్గం ఉంది. ఆ రోజు పంచాయతీ దగ్గర నేనన్నది తప్పు, నీకింకా నయం కాలేదు అనాలి. ఆ ఒక్క మాట చెబితే అతను మింగేవాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది, నా మాట మీద అతనికి అంత గురి. నేను చెప్పలేదు. నీ ఇష్టం అని విసురుగా లేచి వచ్చాను.

వరసగా రెండు నెలలు మానేస్తే రోగి పేరును రిజిస్టరులో 'మానేసినవారు' కింద చేర్చాలి. చేర్చాను. మానేశాక ఇంటి సందర్శనలు ఎన్ని అన్నచోట మూడు అని రాశాను. వెళ్లింది ఒక్కసారి. కారణం గడిలో, “మూఢనమ్మకం. కౌన్సెలింగ్ చేసినా రోగి వినలేదు,” అని రాసి సంతకం పెట్టాను. వేలెడంత గడిలో చక్కగా సరిపోయింది.

ఆ నెలలోనే జిల్లా సమావేశం జరిగింది. కథలతో నమ్మకం కలిగించవచ్చని పావుగంట మాట్లాడాను. తర్వాత క్షేత్రస్థాయి ఇబ్బందుల కింద, పేరు చెప్పకుండా, ప్రదక్షిణలు చేసి గోలీలు మానేసిన ఒక రైతు సంగతి చెప్పాను. రెండింటికీ చప్పట్లు పడ్డాయి. రెండింట్లో ఉన్నది ఒకే ఏనుగని ఎవరూ గమనించలేదు. ప్రశంసాపత్రం ఇచ్చారు, నేను లామినేషన్ చేయించాను.

వానాకాలం దాటేసరికి అంజయ్యకు దగ్గు తిరగబెట్టింది. ఈసారి కళ్లెను యంత్రంలో పెట్టి చూశారు. మందులకు లొంగని క్షయ అని వచ్చింది. మొదటి విడత మందుల్లో ముఖ్యమైనది ఇక పనిచేయదన్న మాట. మధ్యలో ఆపడం వల్లే ఇలా అయిందా అని డాక్టరును పక్కకు పిలిచి అడిగాను. ఒక్క మనిషి విషయంలో అంత ఖాయంగా చెప్పలేమన్నాడు. నన్ను ఓదార్చాలని అన్న మాట అది. చాలా ఏళ్లు దాన్ని వాడుకున్నాను.

ఆ రోజు దవాఖానలో డాక్టరు పాత కార్డు తిరగేసి కారణం గడి చదివాడు. సారు మూడు సార్లు మీ ఇంటికొచ్చి చెబితే కూడా ఎందుకు వినలేదని అంజయ్యను మందలించాడు. నేను రిజిస్టరు పట్టుకుని రెండు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. అంజయ్య ఒకసారి నా వైపు చూశాడు. మూడు సార్లు రాలేదని అతనికి తెలుసు. నేను పంచాయతీ దగ్గర ఏమన్నానో ఊరందరికీ తెలుసు.

“సారు మంచిగనే చెప్పిండు,” అన్నాడు. “నాకే సమజ్ గాలె.”

నేను రిజిస్టరులో పేజీ తిప్పాను. బాలమణి నా మొహంలోకి చూసి డాక్టరు వైపు తిరిగింది. “లోపల ఇంకెన్ని మొసళ్లున్నయి సారూ?” అని అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. ఆమెకు కూడా జ్వరమేమో చూడమని నర్సుకు చెప్పాడు.

ఆ రకం క్షయకు అప్పట్లో రెండేళ్ల వైద్యం. రోజూ గుప్పెడు గోలీలు, మొదటి ఆరు నెలలకు పైగా వారానికి ఆరు సూదులు. ఆ సూది కొందరికి చెవులు పాడు చేస్తుందని మందు మొదలుపెట్టే ముందే చెప్పి సంతకం తీసుకుంటారు. వాంతులతో అంజయ్య సగమయ్యాడు. పూల తోట బాలమణి ఒక్కతే చూసుకుంది. నాలుగో నెలలో చెవుల్లో కీచురాళ్లు అరుస్తున్నట్టు ఉందన్నాడు. పరీక్ష చేసి సూది ఆపేశారు, కానీ పోయిన వినికిడి మళ్లీ రాలేదు. రెండేళ్లలో ఒక్క మోతాదు తప్పలేదు. టిక్కులు తానే పెట్టుకునేవాడట. ఆ రెండేళ్లూ నేను అతనికి ఏ కథా చెప్పలేదు. చెప్పినా వినపడేది కాదు. చివరికి రిజిస్టరులో 'నయమైంది' అని రాశాను. ఆ మాట ఈసారి నిజం.

నేను ఇంకొన్నేళ్లు పనిచేసి, బండి మీద తిరిగి తిరిగి నడుము పట్టేయడంతో యాభై రెండేళ్లకే స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. పోయిన నెల ఇంట్లో కాగితాలు సర్దుతుంటే ప్రశంసాపత్రం దొరికింది. లామినేషన్ చెక్కుచెదరలేదు. మర్నాడు పొద్దున బస్సెక్కి మొయినాబాద్‌లో దిగి, ఆటోలో ఆ ఊరు వెళ్లాను.

చుట్టుపక్కల పొలాలు చాలావరకు ఫాంహౌసులయ్యాయి. అంజయ్య చామంతి మాత్రం అలాగే ఉంది. అతను వాకిట్లో పూలు సంచికెత్తుతున్నాడు. నన్ను గుర్తుపట్టి బాలమణితో కుర్చీ వేయించాడు. చెప్పాల్సిన మాట నెమ్మదిగా, అతనికొక్కడికే చెప్పి వెళ్లాలని నా ఉద్దేశం. దగ్గరకు జరిగి చెప్పాను. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

“గట్టిగ చెప్పు సారూ. మిషిన్ పెట్టుకోలె.”

మళ్లీ చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. మూడోసారి లేచి నిలబడి అరవాల్సి వచ్చింది. “నీ కార్డుల అబద్ధం రాసిన అంజయ్యా. ఇననోడివని రాసిన. నువ్వు ఇన్నవు. నీకు తక్కువైందని ఊరి ముంగట చెప్పింది నేను. నువ్వు నా మాట నమ్మినవు, గంతే.”

పక్కింటి అవ్వ గోడ మీదుగా తల పెట్టింది. ఇంకో ఇద్దరు వాకిలి దగ్గర ఆగారు. “ఏమైందే బాలమణీ, సారెందుకు కొట్లాడుతుండు?” అని అవ్వ అడిగింది.

“కొట్లాట గాదవ్వా. తప్పు ఒప్పుకుంటుండు. జర గట్టిగ ఒప్పుకుంటుండు.”

అంజయ్య పూల సంచి మూతి కట్టాడు. తర్వాత అన్నాడు, “గా దినం పంచాయతీ కాడ గుడ గింతే గట్టిగ చెప్పినవు సారూ.”

కోపంగా అనలేదు. అందుకే నాకు తలెత్తడానికి సమయం పట్టింది. ఆ కార్డు మీద రాత మార్చగలవా అని బాలమణి అడిగింది. ఊళ్లో ఇప్పటికీ అతన్ని గోలీలు పారేసినోడు అనే అంటారట. ఎవరి ఇంట్లో మందులు మానేసినా అతన్నే చూపిస్తారట. ఆ రిజిస్టరు ఎప్పుడో మూసేశారు, దాని మీద చెయ్యి వేసే అధికారం నాకిప్పుడు లేదు. ఆ మాటే చెప్పాను. ఇంకెక్కడన్న రాయి మరి అంది. అందుకే ఇది రాశాను. అచ్చయ్యాక ఒక ప్రతి యాదమ్మకు పంపుతాను. ఊళ్లో చదివి వినిపించే పని ఆమె చేస్తానంది.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. పురాణ కథ చెప్పవద్దని అనను. చెప్పాక, విన్నవాడు దానినుంచి ఏం తీసుకున్నాడో అడగాలి. వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే నవ్వకూడదు. మన నీతిని కథకు అతికించినప్పుడు, నమ్మకం ఉన్నవాడు అతుకును వదిలేసి కథనే తీసుకుపోతాడు, అది అతని తప్పు కాదు. చీటీ మీద కనపడిన దానికి మించి ఒక్క మాట కూడా ప్రకటించకూడదు.

ఆ కార్డులో నేను రాయాల్సింది ఇది. వేలెడంత గడిలో ఇదీ సరిపోయేది.

కారణం: నయమైందని సూపర్‌వైజర్ చెప్పాడు, రోగి నమ్మాడు. ఇంటి సందర్శనలు: ఒకటి.